ఫ్లాపీకి పెట్టిన కుంకుమ బొట్టు

జీవితంలో నేను గెలిచిన యుద్ధాలు తక్కువే. అందుకే గెలిచిన ఆ ఒక్కదాని గురించి ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతుంటాను. నేను నోరు తెరవగానే మా ఇంట్లో పిల్లలు లేచి పోతారు. పోతే పోనీ. నల్లటి పాత ఫ్లాపీ డిస్కుల మీదికి అంతే పాతదైన డాస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ఎక్కించి, ఎరువుల బస్తాల పాలు కాబోయిన ఒక గదిని నిలబెట్టాను నేను. అది చెప్పుకోకపోతే ఇంకేం చెప్పుకోను?

ఆ గదిలో మా అక్క టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపేది. కరీంనగర్‌లో, టవర్ దగ్గరి ఒక సందులో. తొంభైలు మొదలైన రోజులు. అక్క తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ టైపు హయ్యర్ పరీక్ష పాసైంది. కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టినా అక్షరం తప్పు పోయేది కాదు. ఆమె టైపు కొడుతుంటే సందులో నడిచేవాళ్లు ఒకసారి ఆగి లోపలికి చూసేవాళ్లు. పెళ్లయ్యాక అక్కకు తనదంటూ మిగిలింది ఆ చప్పుడొక్కటే అని నాకు అనిపించేది.

గది మాత్రం మా బావది. బావ వాళ్లది హుస్నాబాద్ వైపు భూములున్న కుటుంబం. మనిషి మంచివాడే, కాని కళ్లకు కనిపించే సరుకు మీదే ఆయనకు నమ్మకం. బస్తా అంటే బస్తా, తూకం అంటే తూకం. టైపు నేర్పడమంటే ఆయన దృష్టిలో చప్పుడు అమ్ముకోవడం. ఎప్పుడు వచ్చినా చెప్పులతో టకటకమంటూ నేరుగా లోపలికి వచ్చేసేవాడు. గచ్చు మీద పొలం మట్టి రాలేది. అక్క గుడ్డ తెచ్చి తుడిచేది, ఒక్క మాట అనేది కాదు. నాకైతే కోపం ముక్కు మీదే ఉంటుంది, కాని అక్క కనుసైగ చూసి నోరు మూసుకునేదాన్ని.

ఇంతలో సందుకు ఎదురుగా కంప్యూటర్ సెంటర్ ఒకటి వెలిసింది. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, బయట రంగుల బోర్డు. అక్క దగ్గర లోయర్ పూర్తి చేసిన ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆ తలుపు తోసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. టైపు మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉంచే గంటలు పెరిగాయి. బావ వచ్చి ఆ గుడ్డలు కప్పిన మిషన్లను చూసి, గోడలను చూసి, మనసులో బస్తాలు పేర్చుకునేవాడు. ఆయన కళ్లు గోడ మీద కింది నుంచి పైకి వెళ్లేవి. ఎన్ని వరుసలు పడతాయో చూస్తున్నాడని మాకు తెలుసు.

అప్పుడే ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు వాళ్లు పాత కంప్యూటర్‌ను అమ్మేస్తున్నారని తెలిసింది. అక్క పట్టుబట్టి కొన్నది. అది పత్తి లారీలో, ఇచ్చోడలో చాయ్‌కి ఆగి, కీళ్లన్నీ కదులుతూ కరీంనగర్ చేరింది. మూత విప్పితే లోపల దూది. పిల్లి గూడు కట్టుకోవచ్చు, అంత దూది. నేనే దగ్గర కూర్చుని అంతా ఏరి తీశాను. అప్పటికి నేను శ్రీరాంపూర్‌లో ఒక జిరాక్స్, జాబ్‌టైపింగ్ షాపులో కంప్యూటర్ మీద పనిచేస్తున్నాను. మా ఇంటి మొత్తంలో కంప్యూటర్ గురించి తెలిసిన మనిషిని నేనే. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ పాత కంప్యూటర్‌కు ఇప్పటి వాటిలాగా లోపల ఏదీ దాచుకునే చోటు లేదు. స్విచ్ వేయగానే తనెవరో తనకే తెలియదు. డాస్ అనే మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీని ముందరి అరలో పెట్టాలి. అది గరగరమని చదువుకుని, తెర మీద ఒక చిన్న గుర్తు వెలిగించి, ఇక చెప్పు ఏం చేయాలో అన్నట్టు ఎదురుచూస్తుంది. ఆ ఫ్లాపీలు పల్చటి నల్ల చదరాలు, మడిచిన చేతిరుమాలంత. మధ్యలో ఒక గుండ్రటి బెజ్జం, దాని పక్కన ఒక కోలగా ఉన్న కిటికీ. ఆ కిటికీలోంచి లోపలి గోధుమరంగు పళ్లెం కనిపిస్తుంది. కంప్యూటర్ చదివేది ఆ కిటికీలోంచే.

మొదలుపెట్టే డిస్క్ ఒకటి, దానికి నేను తీసిన నకలు ఒకటి ఉన్నాయి. రెండూ అక్క చేతిలో పెట్టి నేనే చెప్పాను, దీని ప్రాణమంతా వీటిలోనే ఉంది, జాగ్రత్త అని. అక్క వాటిని కళ్లకు అద్దుకుని బీరువాలో దాచింది. ఆ అద్దుకోవడం చూసైనా నేను కాస్త ఆలోచించి ఉండాల్సింది.

దసరా వచ్చింది. దసరాకు ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లన్నిటికీ పూజ చేయడం అక్కకు మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. మిషన్లన్నీ తుడిచి, నూనె వేసి, ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేది. టైపు మిషన్ ఇనుప మనిషి, ఎంత బొట్టు పెట్టినా ఏమీ అనుకోదు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కు కూడా అన్నీ జరిగాయి. పెట్టెకు బొట్టు, తెరకు బొట్టు. అక్కడితో ఆగినా బాగుండేది.

పండుగ మర్నాడు కొత్త కంప్యూటర్ క్లాసులో పేర్లిచ్చిన ఆడపిల్లలు వచ్చి కూర్చున్నారు. నేను దర్జాగా డిస్క్ కోసం చెయ్యి చాచాను. అక్క పూజ పళ్లెం నుంచి తీసి ఇచ్చింది. రెండు డిస్కులనూ కాగితం కవర్లలోంచి బయటికి తీసి, తడి పసుపు రాసి, దాని మీద నిండుగా కుంకుమ పెట్టి, అక్షింతలు చల్లి ఉంచింది. బొట్టు పెట్టడానికి ఎంచుకున్న చోటు ఏది? ఆ కోల కిటికీ. సరిగ్గా దాని నడుమ.

"ఏందే అక్కా గిది?" అన్నాను. 

"నువ్వేగదనే చెప్పింది, పానమంత గిండ్లనే ఉన్నదని. అందుకే గిండ్లకు జర ఎక్కువ పెట్టిన" అంది అక్క, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూస్తూ.

నేను పైట కొంగుతో తుడిచి, ఊది, దేవుడా అనుకుంటూ డిస్క్‌ను అరలో పెట్టాను. పిండిగిర్నీలో రాయి పడ్డట్టు చప్పుడు చేసింది. ఇది మొదలుపెట్టే డిస్క్ కాదు, మార్చి ఏదైనా మీట నొక్కు అని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. రెండోది పెట్టాను. అదే చప్పుడు, అదే మాట. బయటికి తీస్తే డిస్క్ లోపలి పళ్లెం మీద గుండ్రంగా గీత పడి ఉంది, ఎర్రగా. పాఠాల ప్రోగ్రామ్ ఉన్న డిస్క్ మాత్రం సొరుగులో ఉండిపోయి బతికింది. కాని మొదలే కాని యంత్రానికి పాఠాలు ఎందుకు?

నేను అరిచాను. పిల్లల ముందే అరిచాను. దేవుడికి కూడా కంప్యూటర్ క్లాసు కావాలా అన్నాను. అక్క పూజ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లి, తిరిగి వచ్చి, కంప్యూటర్‌కు దూరంగా చివరి టైపు మిషన్ దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ పెట్టెను ముట్టుకోలేదు. గది ఊడుస్తున్నా దాని బల్ల కింద చీపురు పెట్టేది కాదు, ఇంకేదైనా అవుతుందేమోనని.

సాయంత్రానికల్లా బావ చెప్పులు టకటకమన్నాయి.

"ఏం మరదలా, నీ పెట్టె బొట్టు పెట్టిచ్చుకొని అలిగిందట?" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి అక్క వైపు తిరిగాడు. "చూడు, నేను మంచిగనే చెప్తున్న. దీపావళి దాక ఆగుత. గది నడిస్తే నీ గది. నడవకుంటే మాత్రం పండుగ నాడు గీడ ఎరువుల దుకాణం తెరుస్త. లచ్చిందేవి పూజ బస్తాల నడుమనే చేద్దాం."

అక్క తల ఊపింది. నాకు ఒళ్లు మండింది. బావ మీదా, కుంకుమ మీదా, అన్నిటికంటే ఎక్కువగా తల ఊపిన అక్క మీదా. "నడుస్తది బావా. నువ్వు బస్తాలకు వేరే జాగ చూసుకో" అన్నాను. అన్నాక గాని నా దగ్గర మొదలుపెట్టే డిస్క్ ఒక్కటీ లేదని గుర్తు రాలేదు.

ఎదురుగా ఉన్న సెంటర్ వాళ్లను అడగొచ్చు కదా అనేవాళ్లున్నారు. చచ్చినా అడగను. ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లే ఆడపిల్లల వెనక నేనూ వెళ్లి నిలబడాలా?

నాకు దారి శ్రీరాంపూర్‌లో ఉంది. నేను పనిచేసే షాపులోని కొత్త కంప్యూటర్‌కు రెండు అరలుండేవి, ఒకటి కొత్తగా వచ్చిన చిన్న గట్టి డిస్కులకు, ఇంకొకటి పెద్ద మెత్తటి డిస్కులకు. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు, ఎప్పుడైనా పనికొస్తుందని చిన్న డిస్క్‌లో పాత డాస్ ఒకటి వదిలి వెళ్లాడు. కొత్త డాస్ మా పత్తి మిల్లు ముసలిదానికి పనికిరాదు. దానికున్న కాస్త మెమరీలో సగం తనే మింగి కూర్చుంటుంది. పాతదే కావాలి. దాన్ని చిన్న డిస్క్ నుంచి పెద్ద డిస్క్‌కు ఎక్కిస్తే పనైపోతుంది. ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

మొదటి కష్టం డిస్కులే. మంచిర్యాలలో అడిగాను, కరీంనగర్‌లో అడిగాను. పెద్ద డిస్కులు ఉన్నాయి గాని అవి కొత్త రకం, మా యంత్రానికి సరిపడవు. ఆ పాత రకం ఇప్పుడెక్కడివమ్మా అన్నారు. చివరికి కంప్యూటర్‌తో పాటు మిల్లు నుంచి వచ్చిన అట్టపెట్టెలోనే దొరికాయి. పత్తి బేళ్ల తూకాలు నింపిన పాత డిస్కులు. వాటి మీదే రాయక తప్పదు. మంచివి ఏరి, అట్టల మధ్య పెట్టి, సంచీలో వేసుకుని బస్సెక్కాను. డిస్కులకు అయస్కాంతం, వేడి, దుమ్ము పడవని చదువుకున్నాను కదా. డ్రైవర్ పక్కన ఇంజిన్ దగ్గర సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గోదావరి వంతెన దాటేదాకా సంచీని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు పట్టుకుని నిలబడే వెళ్లాను.

షాపు ఓనర్ మంచి మనిషి, పని లేని వేళ నీ ఇష్టం అన్నాడు. చిన్న డిస్క్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, పెద్ద అరలో మిల్లు డిస్క్ పెట్టి, దీన్ని చెరిపి డాస్ ఎక్కించు అని ఆజ్ఞ కొట్టాను. గంట కొట్టినంత గట్టిగా కొట్టాను. అది నానా తిప్పలు పడి, అక్కడ చెడింది, ఇక్కడ చెడింది అని సణుగుతూ ఎలాగో ముగించింది. ఆదివారం కరీంనగర్ తీసుకొచ్చి పెడితే ముసలిది చదవనే లేదు. తర్వాత డాస్ పుస్తకం తిరగేస్తే తెలిసింది. ఆ కొత్త అరకు పెద్ద ఆకలి. పాత డిస్క్‌లో పట్టే దానికి మూడింతల పైన కుక్కబోయింది. ఇది పాత రకం డిస్క్, దీనికి తగ్గట్టే గీతలు గీయి అని ఆజ్ఞ చివర ఒక చిన్న గుర్తు చేర్చాలట.

సరే, తప్పు దొరికింది కదా. ఈ లోపు ఇంకో పని కూడా చేశాను. మా యంత్రం అర విప్పి, లోపల డిస్క్‌ను చదివే చిన్న ముక్కను మందుల షాపులో తెచ్చిన స్పిరిట్‌తో, దూదితో తుడిచాను. దూది పసుపు పచ్చగా వచ్చింది. అక్క దూరం నుంచి చూసి మొహం తిప్పుకుంది. ఈసారి అరవలేదు నేను. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచాను.

రెండోసారి శ్రీరాంపూర్‌లో ఆ చిన్న గుర్తు చేర్చి ఆజ్ఞ ఇచ్చాను. ఎంత చక్కగా నడిచిందో! ఒక్క సణుగుడు లేదు. డాస్ ఎక్కింది. అక్కడే అదే డిస్క్‌ను చదివించి చూశాను, గడగడా చదివేసింది. ఆనందం పట్టలేక ఓనర్‌కు చాయ్ తాగించాను. బస్సులో పక్కనున్న ఆమె నేనెందుకు నవ్వుతున్నానో అర్థం కాక కిటికీ వైపు జరిగింది.

ఆదివారం పొద్దున కరీంనగర్‌లో దిగి, చెప్పులు విడిచి, నేరుగా వెళ్లి డిస్క్ పెట్టాను. గరగరమంది. ఆగింది. మళ్లీ గరగరమంది. చదవలేకపోతున్నాను, మళ్లీ ప్రయత్నించనా అని అడిగింది. ప్రయత్నించు అన్నాను. మళ్లీ అదే. ఉన్న డిస్కులన్నీ పెట్టాను. ఒక్కటీ చదవలేదు. అక్కడ గడగడా చదివిన డిస్క్ ఇక్కడ గుడ్డిదైపోయింది.

ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను. కోపంతో వచ్చే ఏడుపు వేరు, ఇది వేరు. బయట వరండాలో అప్పటికే యూరియా బస్తాలు దిగి ఉన్నాయి, పండుగకు ముందే. ఆ వాసన గదిలోకి వస్తోంది. అక్క నా పక్కకు వచ్చి, కంప్యూటర్ బల్లకు మాత్రం తగలకుండా నిలబడి, నా తల మీద చెయ్యి వేసింది.

"పోనీ తియ్యవే. నీ పానం తీసుకోకు. నేను ఇంట్ల ఉంట తియ్యి" అంది.

ఆ 'ఇంట్ల ఉంట' అనే మాటకు అక్కడ ఉండలేకపోయాను. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

బయట నిచ్చెన మీద పెయింటర్ ఉన్నాడు. దసరాకు ముందే అక్క చెప్పి పెట్టిన పని ఇప్పుడు తీరిక దొరికి మొదలుపెట్టాడు. పాత బోర్డు మీద పెద్ద లావు అక్షరాల్లో టైప్ ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది. ఇప్పుడు దాని మీదే కంప్యూటర్ అనే మాట కూడా రావాలి కాబట్టి, అక్షరాలు సన్నగా, చిన్నగా రాస్తున్నాడు. గదే పోతుంటే బోర్డు ఎందుకని నేను చూస్తూ కూర్చున్నాను. అక్క గుమ్మంలోకి వచ్చి తల ఎత్తి చూసింది.

"ఏందన్నా, పాత రంగు గీకకుండనే రాస్తివి? పాతది పక్కల పొంటి కనవడుతున్నది. ఏది చదవాల్నో తెలుస్తలేదు" అంది.

"గీకుడెందుకక్కా, దాని మీదనే రాస్త. ఎండితే కనవడది" అన్నాడు పెయింటర్.

కనబడుతోంది. సన్నటి కొత్త అక్షరాలకు అటూ ఇటూ లావు పాత అక్షరాల అంచులు బయటికి వచ్చి, రెండూ కలిసి ఏదీ కాకుండా పోయాయి. నేను లేచి నిలబడ్డాను. పుస్తకంలో చదివింది అప్పుడు నా తలలో వెలిగింది. కొత్త అర రాసే గీత సన్నం. పాత అర రాసే గీత లావు. మిల్లు వాళ్ల తూకాలన్నీ లావు గీతల్లో ఉన్నాయి. వాటి మీద నేను సన్నగా డాస్ రాశాను, పాతది గీకకుండానే. కొత్త కంప్యూటర్ చూపు సన్నం కాబట్టి నేను రాసిందే చూసి చదివేసింది. ముసలిదాని చూపు వెడల్పు. దానికి నా డాస్‌తో పాటు అటూ ఇటూ పత్తి బేళ్లు కూడా కనబడుతున్నాయి. చదవమంటే ఏం చదువుతుంది పాపం!

"గీకాలె! పాతది మొత్తం గీకాలె!" అని కేక పెట్టాను. పెయింటర్ బిత్తరపోయి నిచ్చెన దిగాడు. తనను తిడుతున్నాననుకున్నాడు.

డిస్క్‌ను గీకడమెలా? మళ్లీ చెరిపితే లాభం లేదు, కొత్త అర చెరిపేది కూడా సన్నగానే. మొత్తం పళ్లెం ఒక్కసారిగా బోసిపోవాలి. దేనికి భయపడి ఇన్నాళ్లు సంచీని గుండెకు హత్తుకుని తిరిగానో అదే కావాలి. అయస్కాంతం. మా పక్క దుకాణంలో టీవీలు బాగుచేసే భాయ్ ఉండేవాడు. కలర్ టీవీ తెర మీద రంగు మరకలు పడితే, పెద్ద తీగ చుట్ట ఒకటి కరెంటుకు పెట్టి తెర ముందు తిప్పుతూ మరకలు పోగొట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. డిస్కులన్నీ పట్టుకుని పరుగెత్తాను.

"భాయ్, నీ చుట్ట జర గీండ్ల మీద తిప్పు" అన్నాను.

భాయ్ డిస్కులను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అరె, పరేషాన్ చెయ్యకమ్మా. గండ్ల ఉన్నదంత సాఫ్ అయితది. మల్ల నన్నంటవు."

"సాఫ్ కావాల్ననే గద వచ్చిన."

"అందరు బచాయించమని వస్తరు. నువ్వు బర్బాద్ చెయ్యమని వస్తివి" అన్నాడు నవ్వుతూ. "ఫికర్ లేదు, పూరా బర్బాద్ చేస్త."

కరెంటు లేదు. వచ్చేదాకా ఇద్దరం దుకాణం ముందు కూర్చున్నాం. రాగానే ఆయన చుట్టను ప్లగ్గుకు పెట్టాడు. గుయ్యిమని మోగింది. డిస్కుల మీద గుండ్రంగా తిప్పి, తిప్పుతూనే మెల్లగా దూరం జరిపి, బాగా దూరం వెళ్లాక గాని స్విచ్ ఆపలేదు. దగ్గరుండగా ఆపితే మరక మిగులుతుందట, టీవీలతో ఆయనకు అలవాటు. ఒక్కో డిస్క్‌కు రెండు వైపులా అలాగే చేశాడు. ఆదిలాబాద్ పత్తి అంతా ఆ గుయ్యిమనే చప్పుడులో కలిసిపోయింది.

శ్రీరాంపూర్ బస్సులో ఆ సాయంత్రం ఇంజిన్ పక్క సీటులో దర్జాగా కూర్చున్నాను. పోవడానికి వాటిలో ఏముంది గనక?

షాపులో మళ్లీ డాస్ ఎక్కించాను. ఈసారి నవ్వలేదు, చాయ్ తాగించలేదు. ఒకటికి నాలుగు తీసి పెట్టుకున్నాను. తిరుగు బస్సులో మాత్రం మళ్లీ వెనక సీటుకు పోయాను. ఇప్పుడు పోవడానికి చాలా ఉంది.

దీపావళి పొద్దున నేను చేరేసరికి గది ముందు బస్తాలు నడుము ఎత్తు లేచి ఉన్నాయి. బావ తెల్లటి బట్టలు వేసుకుని, హమాలీని కూడా పిలిపించి సిద్ధంగా ఉన్నాడు. పేర్లిచ్చిన ఆడపిల్లలు కొందరు పండుగ బట్టల్లో వచ్చి గోడ వార నిలబడ్డారు. అక్క పూజ సామాను ఒక మూలన, కంప్యూటర్‌కు ఎంత దూరంగా పెట్టగలదో అంత దూరంగా పెట్టుకుంది. చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

"అక్కా, ఇటు రా. నువ్వే పెట్టాలె" అన్నాను.

"వద్దే. నా చెయ్యి మంచిది కాదు."

"నీ చెయ్యి కరీంనగర్‌లనే మంచి చెయ్యి. వచ్చి కూసో."

దాదాపు లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. కిటికీని ముట్టుకోకుండా అంచు పట్టుకోవడం నేర్పాను. అక్క రెండు వేళ్లతో అంచు పట్టుకుంది. డిస్క్ అరలోకి జారింది. అర మూసే మీట తిప్పింది. స్విచ్ వేశాను.

గరగరమంది. ఆగింది. ఆ ఆగిన కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు, కుంకుమ పెట్టించుకున్న దేవుడితో సహా. మళ్లీ గరగరమంది. ఎర్రదీపం వెలిగింది, ఆరింది. తెర మీద పచ్చగా తేదీ అడిగింది. ఆ తర్వాత ఎడమ పక్కన ఆ చిన్న గుర్తు వచ్చి, దాని పక్కన గీత మిణుకు మిణుకుమంటూ, ఇక చెప్పు అని నిలబడింది.

నేను ఎగిరాను. అక్షరాలా ఎగిరాను. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. పక్క దుకాణంలోంచి భాయ్ తల పెట్టి "అయ్యిందా?" అని అడిగి, నా మొహం చూసి జవాబు అక్కర్లేక వెళ్లిపోయాడు. ఎదురుగా అద్దాల తలుపు వెనక ఎవరైనా చూస్తున్నారా అని కూడా నేను చూసుకున్నాను. చూస్తే బాగుండునని నా ఆశ.

అక్క మాత్రం కదలలేదు. తెర వైపే చూస్తోంది. నేను పాఠాల డిస్క్ మార్చి, ఖాళీ పేజీ తెరిచి, ఇక నీ ఇష్టం అన్నాను. అక్క కొంగులోంచి చేతులు తీసి మీటల మీద వేళ్లు పెట్టింది. ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టింది. టైపు మిషన్ మీద కొట్టినంత బలంగా, కీబోర్డు విరుగుతుందేమో అన్నంతగా. తెర మీద వరుసల మీద వరుసలు పడుతున్నాయి, ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ చప్పుడు సందులోకి వెళ్లింది. బయట బస్తా భుజాన పెట్టుకోబోతున్న హమాలీ ఆగి లోపలికి చూశాడు.

బావ కూడా చూశాడు. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయనకు తెర మీది అక్షరాలు అర్థమయ్యాయో లేదో తెలియదు గాని, గోడ వార నిలబడ్డ ఆడపిల్లలు కుర్చీల కోసం తోసుకోవడం మాత్రం అర్థమైంది. "బస్తాలు మల్ల ఇంటికి తీస్కపోరా" అని హమాలీకి చెప్పి, దగ్గరగా చూద్దామని గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాడు. టకటక.

అక్క టైపు ఆపలేదు. తల తిప్పలేదు.

"చెప్పులు బయట ఇడ్సి రాండ్రి" అంది.

 బావ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా వెనక్కి జరిగి, గుమ్మం అవతల ఆడపిల్లల చెప్పుల పక్కన తన చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో లోపలికి వచ్చాడు.